గిన్నె నిండా నీళ్లున్నా దాహంతోనే... బియర్డెడ్ డ్రాగన్ పెంచేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

మే నెల మధ్యాహ్నం. టోలిచౌకీలోనో మెహదీపట్నంలోనో ఒక అపార్ట్‌మెంట్. హాల్లో ఓ మూల గాజు పెట్టె, పైన బల్బు, కింద ఇసుక రంగులో మూరెడు పొడవున్న జంతువు. దాని ముందు గిన్నె నిండా నీళ్లు. అయినా కళ్లు లోపలికి పోయాయి, పక్కల చర్మం ముడతలు పడింది, రెండు రోజులుగా పురుగు వేసినా తలెత్తి చూడటం లేదు. "నీళ్లు పెట్టాను కదా అమ్మీ, తాగకపోతే నేనేం చేయను?" అని కొడుకు. "ఎడారి జంతువు అన్నావు కదరా, దానికి నీళ్లెందుకు?" అని తల్లి.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరి పొరపాటూ ఒకటే. ఈ జంతువు ఒంట్లోకి నీళ్లు ఎలా వెళ్తాయో, ఎలా బయటికి పోతాయో ఎవరూ చెప్పలేదు. కొన్నప్పుడు దుకాణంలో బల్బు గురించి చెప్తారు, పురుగుల డబ్బా చేతిలో పెడతారు. నీళ్ల సంగతి "ఒక గిన్నె పెట్టండి చాలు" దగ్గరే ఆగిపోతుంది.

ఇది ఎక్కడిది?

బియర్డెడ్ డ్రాగన్ సొంత ఊరు ఆస్ట్రేలియా. ఆ దేశం లోపలి భాగంలోని పొడి నేలలు, పొదలు, రాళ్ల గుట్టలు దీని ఇల్లు. పెంపుడు జంతువుగా ప్రపంచమంతా తిరుగుతున్నది ఎక్కువగా పోగోనా విటిసెప్స్ అనే జాతి. ఆస్ట్రేలియా ప్రభుత్వం తన అడవి జంతువులను వ్యాపారం కోసం ప్రాణాలతో బయటికి పంపనివ్వదు. బయటి దేశాల్లో అమ్ముడయ్యేవి తరతరాలుగా పెట్టెల్లో పుట్టి పెరిగినవే.

పేరులో డ్రాగన్ ఉంది గానీ ఇది మనకు పూర్తిగా పరాయిది కాదు. మన పెరటి గోడ మీద తల ఊపుతూ కూర్చునే తొండ కూడా ఇదే కుటుంబం, అగామిడే. కోపం వస్తే గొంతు కింద చర్మాన్ని ఉబ్బించి నల్లగా చేస్తుంది, అదే దాని గడ్డం. అందుకే కొందరు పిల్లలు ముద్దుగా 'గడ్డం తొండ' అంటున్నారు. డ్రాగన్ కంటే ఆ పేరే సరైనది అనిపిస్తుంది.

ఎడారి అంచుల్లో బతికే జంతువుకు నీళ్లు అక్కర్లేదు అనుకోవడం పొరపాటు. ఎడారిలో నీళ్లు దొరకవు కాబట్టి ఉన్న నీళ్లను పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంది, అంతే. ఒంటె కూడా నీళ్లు తాగుతుంది కదా.

కదలని నీళ్లు నీళ్లే కావు

అడవిలో దీని ముందు గిన్నె ఎవరూ పెట్టరు. దానికి దొరికే నీళ్లలో ఎక్కువ భాగం తిండిలోనే ఉంటుంది. పురుగుల ఒంట్లోని నీరు, ఆకుల్లో, పూలలో ఉండే నీరు. దానికి తోడు తెల్లవారుజామున ఆకుల మీద పడ్డ మంచు బొట్లు, ఎప్పుడో పడే వాన. వాన పడితే ఈ జంతువు చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. వెనక కాళ్ల మీద నడుము ఎత్తి, తల కిందికి వంచి నిలబడుతుంది. వీపు మీద పడ్డ నీళ్లు జారుకుంటూ తల మీదుగా మూతి దగ్గరికి వస్తాయి. నాలుకతో నాకేస్తుంది.

అంటే దీని లెక్కలో నీళ్లంటే మెరిసేవి, కదిలేవి, మూతి మీద పడేవి. గిన్నెలో నిశ్చలంగా ఉన్న నీళ్లను చాలా డ్రాగన్లు గుర్తే పట్టవు. కొన్ని అలవాటు పడి తాగుతాయి, కొన్ని ఏళ్లు గడిచినా ముట్టవు. కాబట్టి గిన్నె పెట్టామా లేదా అన్నది కాదు, అది తాగుతోందా లేదా అన్నదే చూడాలి.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. టబ్బులో కూర్చోబెడితే చర్మం ద్వారా నీళ్లు పీల్చుకుంటుందని చాలామంది నమ్మకం. వీడియోల్లో కూడా అదే చెప్తుంటారు. కప్ప చర్మం వేరు, దీని చర్మం వేరు. సరీసృపాల చర్మం నీళ్లు బయటికి పోకుండా ఆపడానికి తయారైనది. లోపలి నీళ్లను పోనివ్వని చర్మం బయటి నీళ్లను మాత్రం ఎలా రానిస్తుంది? ఆస్ట్రేలియాలోనే థార్నీ డెవిల్ అనే ముళ్ల తొండ ఉంది. తడి ఇసుక మీద నిలబడితే దాని పొలుసుల మధ్య సన్నటి కాలువల్లో నీళ్లు ఎక్కుతాయి. అది కూడా ఆ నీళ్లను చర్మంతో తాగదు. కాలువలన్నీ మూతి దగ్గరికి చేరతాయి, నోటితో మింగుతుంది. స్నానం వల్ల ప్రయోజనం ఉంది గానీ, అది టబ్బులో ఉన్నప్పుడు నోటితో తాగడం వల్ల.

జమ, ఖర్చు

నీళ్ల వ్యవహారాన్ని ఖాతా పుస్తకంలా చూస్తే సులువుగా అర్థమవుతుంది. జమ వైపు మూడే పద్దులు: తిండిలో వచ్చే నీరు, తాగే నీరు, తిన్నది ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు పుట్టే కొద్దిపాటి నీరు. ఖర్చు వైపు ఊపిరి, చర్మం నుంచి కొంచెం, కళ్లు ముక్కుల తడి, విసర్జన.

విసర్జనలో ఈ జంతువు చేసే పొదుపు ఆశ్చర్యం కలిగిస్తుంది. మనుషుల ఒంట్లో ప్రోటీన్ వ్యర్థం యూరియాగా మారి, బోలెడు నీళ్లలో కరిగి మూత్రంగా పోతుంది. డ్రాగన్ దాన్ని యూరిక్ యాసిడ్‌గా మార్చి తెల్లటి ముద్దలా బయటికి పంపుతుంది. దానికి నీళ్లు చాలా తక్కువ చాలు. ఇది ఎక్కడో చదవాల్సిన పని లేదు, ఇంట్లో గోడ కింద బల్లి రెట్ట చూడండి. నల్లటి దాని చివర తెల్లటి చుక్క ఉంటుంది. ఆ తెల్లదే మూత్రం. డాబా మీద పావురాల రెట్టలో తెలుపు కూడా అదే.

డ్రాగన్ ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయా అన్నదానికి ఇంట్లో దొరికే మంచి సాక్ష్యం కూడా ఆ తెల్లదే. మెత్తగా, కొంచెం తడిగా, తెల్లగా ఉంటే సాధారణంగా భయం లేదు. పసుపు లేదా నారింజ రంగులోకి మారి, సుద్ద ముక్కలా గట్టిగా, నలిపితే ఇసుకలా రాలుతుంటే నీళ్ల ఖాతా లోటులో ఉందని అర్థం. టిష్యూ పేపర్‌తో తీసేటప్పుడు ఒక్క క్షణం చూస్తే చాలు. చాలామంది ముక్కు మూసుకుని పారేస్తారు, అందులోనే రిపోర్టు ఉంటుంది.

లోటు అలాగే కొనసాగితే ఏమవుతుంది? యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా ఒంట్లోనే పేరుకుంటుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. కీళ్లలో, లోపలి అవయవాల మీద గడ్డకడుతుంది. అదే గౌట్. ఇంట్లో తాతకో నానమ్మకో యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాచి రాత్రంతా నిద్రపోనిది చూసినవాళ్లకు ఆ నొప్పి ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. డ్రాగన్ మూలగదు. నడవడం తగ్గిస్తుంది, అంతే. పెద్ద జంతువుకు రోజూ పురుగులే పెడుతూ ఆకులు మానేసిన ఇళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ప్రోటీన్ పెరిగి, నీరు తగ్గితే రెండు వైపులా దెబ్బ.

ఎలా గుర్తుపట్టాలి?

కళ్లు లోపలికి పోవడం, పక్కల చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, నోరు తెరిచినప్పుడు లాలాజలం తీగలు సాగడం, మందకొడిగా పడి ఉండటం, తిండి తగ్గడం, రోజుల తరబడి విసర్జన లేకపోవడం. ఇవన్నీ ఒకేసారి రావు. చర్మం ముడత ఒక్కటే చూసి తేల్చకూడదు, ఈ జంతువు చర్మం మామూలుగానే వదులుగా ఉంటుంది. చాలా సన్నగా అయిపోయినా, వయసు పెరిగినా ముడతలు ఉంటాయి. ముడతతో పాటు కళ్లు, ఆ తెల్లటి ముద్ద రంగు కలిపి చూడాలి.

కుబుసం విడిచే తీరు కూడా గమనించాలి. పాము లాగా ఒకే తొడుగు కాదు, ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. నీళ్లు తక్కువైతే వేళ్ల చివర, తోక చివర పాత చర్మం అంటుకుపోయి ఉంగరంలా బిగుసుకుంటుంది. రక్తం ఆడక వేలు, తోక కొస నల్లబడి రాలిపోయిన జంతువులు ఉన్నాయి. గోళ్లతో పీకకూడదు. గోరువెచ్చటి నీళ్లలో నాననిచ్చి, మెత్తబడ్డాక దానంతట అది వచ్చినంతే తీయాలి.

వీటన్నిటి కంటే నమ్మకమైనది వంటింటి తూకం మిషన్. పెద్ద డ్రాగన్ సాధారణంగా 300 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది. వారానికి ఒకసారి, ఒకే సమయానికి తూచి తారీఖుతో రాసుకోవాలి. (మిషన్ దానికి వేరేగా కొనండి, కారణం కింద ఉంది.) బరువు పదో వంతు తగ్గితే ఇక ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. పిల్ల డ్రాగన్లకు అంత వ్యవధి కూడా ఉండదు, ఒంట్లో నిల్వ తక్కువ, రెండు మూడు రోజుల్లోనే పరిస్థితి తిరగబడుతుంది.

మన ఎండ, మన కూలర్

ఆస్ట్రేలియాలో రాసిన సలహాలు, అమెరికాలో రాసిన సలహాలు చదివి ఇక్కడ అలాగే పాటిస్తే ఇబ్బంది వచ్చేది ఇక్కడే. అక్కడి పుస్తకాల్లో ఎక్కువ పేజీలు పెట్టెను వేడిగా ఎలా ఉంచాలి అన్నదానికే పోతాయి. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా సమస్య వేడి కాదు, చల్లటి మూల దొరకకపోవడం. ఈ నగరంలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. ఆ రికార్డు దాకా పోనక్కర్లేదు, 41 డిగ్రీల రోజున పై అంతస్తు ఫ్లాట్‌లో గది ఎలా ఉంటుందో అందులో ఉండేవాళ్లకు తెలుసు.

డ్రాగన్‌కు చెమట పట్టదు. ఒంటి వేడిని అది నడిచి సరిచేసుకుంటుంది. బల్బు కింద 38 నుంచి 42 డిగ్రీల చోటు, పెట్టె రెండో చివర 25 దగ్గర చోటు ఉంటే, అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ తనకు కావలసిన వేడి తీసుకుంటుంది. గది వేడే 38 అయితే రెండో చివర అనేదే ఉండదు. పారిపోవడానికి చోటు లేక నోరు తెరుచుకుని కూర్చుంటుంది. బల్బు కింద కాసేపు నోరు తెరవడం మామూలే. చల్లటి వైపున కూడా తెరిచే ఉంచితే ఆ నోట్లోంచి నీళ్లు ఆవిరైపోతున్నాయని అర్థం.

అందుకే ఎండాకాలంలో చేయాల్సిన మొదటి పని నీళ్లు పోయడం కాదు, రెండు చివర్లా డిజిటల్ థర్మామీటర్ పెట్టి చూడటం. పెట్టె పడమటి గోడకు ఆని ఉంటే జరపాలి. వేడి బల్బు వాట్లు తగ్గించాలి, మరీ మండే గంటల్లో దాన్ని ఆపేసి యూవీబీ ట్యూబు మాత్రం ఉంచుకోవచ్చు. విటమిన్ డి తయారవడానికి ఆ ట్యూబు కావాలి, దాన్ని ఆపకూడదు. గాజు పెట్టెను "ఎండ తగులుతుంది" అని బాల్కనీలో పెట్టడం మాత్రం చేయవద్దు. అద్దాలు మూసి ఎండలో వదిలిన కారు ఎలా కాలుతుందో అదీ అంతే.

ఏసీ ఉన్న గది దీనికి బాగానే ఉంటుంది, గాలి నేరుగా తగలకపోతే చాలు. కూలర్ సంగతి వేరు. గడ్డి తడిపి నడిచే కూలర్ గదిని చల్లబరుస్తుంది, తేమ కూడా నింపుతుంది. ఈ జంతువుకు గాలిలో తేమ 30, 40 శాతం మధ్య ఉంటే సుఖం. కిటికీలు మూసి కూలర్ నడిపిన గదిలో, జులై ఆగస్టు వానల్లో అది ఎంతో పైకి పోతుంది. అలా రోజుల తరబడి ఉంటే ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ పట్టుకోవచ్చు. ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో ఈల లాంటి చప్పుడు దాని గుర్తులు.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. తేమ ఎక్కువైంది కదా అని నీళ్లు ఆపేస్తారు, లేదా నీళ్లు తక్కువయ్యాయని పెట్టె అంతా స్ప్రే కొడతారు. గాలిలో తేమ వేరు, ఒంట్లో నీరు వేరు. గాలి పొడిగా ఉండాలి, కడుపులోకి నీళ్లు పోవాలి. పెట్టె తడపకుండా జంతువుకు తాగించడమే మొత్తం పని.

చలికాలంలో కొన్ని డ్రాగన్లు వారాల తరబడి మత్తుగా పడుకుంటాయి, తిండి మానేస్తాయి. దాన్ని బ్రూమేషన్ అంటారు. అప్పుడు కూడా లేచినప్పుడల్లా నీళ్లు అందుబాటులో ఉండాలి, వారం వారం తూకం ఆపకూడదు. ఎప్పుడూ పడుకోని జంతువు ఎండాకాలంలో మత్తుగా ఉంటే అది బ్రూమేషన్ కాదు, జబ్బు.

నీళ్లు తినిపించాలి

పిల్ల డ్రాగన్‌కు పురుగులు ఎక్కువ, ఆకులు తక్కువ. ఏడాది దాటాక తిరగబడాలి, ప్లేటులో ఎక్కువ భాగం ఆకులు, కూరగాయలే ఉండాలి. నీళ్ల జమలో పెద్ద పద్దు ఇదే. ఆకులు కడిగి, దులపకుండా ఆ తడి బొట్లతోనే సన్నగా తరిగి పెట్టండి. వాన తర్వాత అడవిలో తిన్నట్టే ఉంటుంది దానికి. ఉదయం పెట్టి సాయంత్రానికి వాడిపోయినవి తీసేయాలి.

ఏ ఆకులు? మన మార్కెట్లో దొరికేవాటిలో ఆవాకు, షల్గం ఆకులు మంచివి. షల్గం గోష్త్ వండే ఇళ్లలో దుంప ఉంచుకుని ఆకులు పారేస్తారు, అవే దీనికి విందు. కొత్తిమీర, తీపి గుమ్మడి తురుము, మందు కొట్టని మందార పూలు కూడా పెట్టొచ్చు. పాలకూర, చుక్కకూర, తోటకూర రోజూ వద్దు. వీటిలో ఆక్సలేట్లు ఎక్కువ, తిండిలోని కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. కాల్షియం తగ్గితే ఈ జంతువు దవడ, కాళ్ల ఎముకలు మెత్తబడి వంకర పోతాయి.

కీరా దోసకాయలో 95 శాతం దాకా నీళ్లే, పుచ్చకాయలో 90 శాతం పైనే. అలాగని అవే పెడితే పొట్ట నిండుతుంది, పోషణ ఉండదు, పుచ్చకాయ చక్కెరకు విరేచనాలు పట్టుకుంటే లోపలికి పోయిన దానికంటే బయటికి పోయేదే ఎక్కువ. ఎండాకాలంలో గోరంత ముక్క అప్పుడప్పుడు అయితే పర్వాలేదు.

పురుగుల్లోనూ తేడా ఉంది. పట్టుపురుగు ఒంట్లో 80 శాతం పైగా నీరు. చీర్‌మన్నే కీచురాళ్లలో 70 శాతం దగ్గర. దుకాణాల్లో ఎక్కువగా దొరికే మీల్‌వార్మ్‌లో 60 శాతం పైచిలుకు, పైగా పై తొక్క గట్టిది. ఎండబెట్టి డబ్బాల్లో అమ్మే పురుగుల్లో నీరు దాదాపు ఉండదు. వాటి మీదే పెంచితే డ్రాగన్‌కు మూడు పూటలా ఎండు రొట్టె పెట్టినట్టే. ప్రాణంతో ఉన్న పురుగులకు కూడా ముందు రోజు క్యారెట్ ముక్కో ఆకో పెట్టాలి, ఎండిపోయిన పురుగు ఏమిస్తుంది? తోటలో పట్టిన పురుగులు పెట్టవద్దు, పురుగుమందు ఉండొచ్చు. ముఖ్యంగా మిణుగురు పురుగు ఒక్కటి మింగినా డ్రాగన్ చచ్చిపోవచ్చు. వానాకాలంలో ఊరికి తీసుకెళ్లేవాళ్లు ఇది మర్చిపోకూడదు.

ఎలా తాగించాలి?

గిన్నె లోతు దాని భుజాలకు మించకూడదు, బరువుగా తిరగబడనిదై ఉండాలి, పెట్టెలో చల్లటి వైపు ఉండాలి. బల్బు కింద పెడితే ఆవిరైపోయి గాలిలో తేమ పెంచుతుంది. నీళ్లలోనే విసర్జించే అలవాటు వీటికి ఉంది కాబట్టి రోజూ మార్చాలి, కనపడగానే కడగాలి. ఇంట్లో మీరు తాగే నీళ్లే సరిపోతాయి. ఫ్రిజ్ నీళ్లు వద్దు.

గిన్నె ముట్టని జంతువు ముందు వేలితో నీళ్లు కదిలించి చూడండి. అప్పటికీ లాభం లేకపోతే డ్రాపర్. సూది లేని సిరంజి గానీ డ్రాపర్ గానీ తీసుకుని మూతి కొస మీద ఒక్కో బొట్టు వదలాలి. రెండు మూడు బొట్లకు నాలుక బయటికి వస్తుంది, నాకడం మొదలుపెడుతుంది. ఆపేదాకా అలాగే బొట్లు వేయాలి. ఓపిక కావాలి, పది నిమిషాలు పడుతుంది.

నోరు బలవంతంగా తెరిచి సిరంజితో లోపలికి కొట్టడం మాత్రం చేయకూడదు. దీని ఊపిరి గొట్టం ద్వారం నాలుక మొదట్లోనే, నోట్లో ముందువైపే ఉంటుంది. ఒక్క పిచికారీ చాలు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. జ్యూసులు, పాలు, ఇంట్లో కలిపిన ఓఆర్‌ఎస్ కూడా వద్దు.

స్నానం వారానికి ఒకటి రెండు సార్లు చాలు. నీళ్లు 30 నుంచి 35 డిగ్రీలు, అంటే మణికట్టు లోపలి వైపు పోసుకుంటే వేడీ చల్లనా తెలియనంత. మోచేతుల దాకా లోతు. పది, పదిహేను నిమిషాలు, అంతసేపూ మనిషి పక్కనే ఉండాలి. చాలా డ్రాగన్లు టబ్బులోనే తల వంచి గటగటా తాగుతాయి, అక్కడే మలబద్ధకం కూడా తీరుతుంది. తర్వాత తుడిచి బల్బు కింద వదలాలి. తడి ఒంటితో రాత్రి పడుకోనివ్వకూడదు. గిన్నెలో తాగుతూ, తెల్ల ముద్ద మెత్తగా వేస్తున్న జంతువును రోజూ టబ్బులో కూర్చోబెట్టడం దాని కోసం కాదు, వీడియో కోసం.

వంటింటి సింకు వద్దు

ఆ టబ్బు, ఆ గిన్నె, ఆ తూకం మిషన్ దానికే ఉండాలి. సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది, జంతువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అమెరికాలో 2012 నుంచి 2014 దాకా బియర్డెడ్ డ్రాగన్ల నుంచి సోకిన సాల్మొనెల్లా చాలా రాష్ట్రాల్లో కనిపించింది, జబ్బు పడినవాళ్లలో సగానికి పైగా చిన్న పిల్లలే. అయిదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో ఇది వద్దని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. మన ఇళ్లలో ఒకే కప్పు కింద మూడు తరాలు ఉంటాయి. కొనేముందే ఇది ఆలోచించాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దస్తర్‌ఖాన్ పరిచిన చోట దీన్ని వదలకూడదు, స్నానం నీళ్లు వంటింటి సింకులో పోయకూడదు.

డాక్టర్ విషయానికి వస్తే, నగరంలో కుక్కల్ని పిల్లుల్ని చూసేవాళ్లు దొరికినంత తేలిగ్గా సరీసృపాలు చూసేవాళ్లు దొరకరు. జబ్బు చేశాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. జంతువును తెచ్చిన వారంలోనే ఫోన్ చేసి ఎవరు చూస్తారో కనుక్కోవాలి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో అడిగి మొదలుపెట్టొచ్చు. ఒంట్లో నీళ్లు బాగా తగ్గిన జంతువుకు డాక్టర్ చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు, ఆ దశలో డ్రాపర్ బొట్లు సరిపోవు. కొన్నప్పటి రసీదు కూడా దాచుకోండి. 2022లో వన్యప్రాణి చట్టం సవరించాక కొన్ని విదేశీ జంతువులకు నమోదు తప్పనిసరి అయింది, మీ జంతువు సంగతి అటవీ శాఖలో అడిగి తెలుసుకోవడం మంచిది. ఉడుము లాంటి మన దేశపు జంతువును పెంచడం మాత్రం నేరం, అందులో అడగాల్సింది ఏమీ లేదు.

పెట్టెలో పెట్టాక

పాత ఇళ్లలో ఈ జంతువు వచ్చిన రోజే గొడవ మొదలవుతుంది. "ఛిప్‌కలీని ఇంట్లో పెట్టి పూజ చేస్తారా" అని దాదీ అమ్మ కోప్పడుతుంది. గోడబల్లి గురించిన హదీసు గుర్తు చేస్తుంది. ఆ హదీసులోని అరబీ మాట వజగ్, గోడబల్లికి వాడేది. ఇది తొండల కుటుంబం. పెంచొచ్చా లేదా అన్నది ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన మాట, ఇక్కడ తేల్చేది కాదు.

అయితే తెచ్చి పెట్టెలో పెట్టేశాక ఇంకో హదీసు వర్తిస్తుంది, దాన్ని మసీదులో విననివాళ్లు ఉండరు. పిల్లిని బంధించి, తిండీ నీళ్లూ పెట్టక, తన తిండి తాను వెతుక్కోవడానికి వదలక చంపిన స్త్రీ గురించి దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినది. బావిలోకి దిగి మేజోడులో నీళ్లు తెచ్చి దాహంతో ఉన్న కుక్కకు తాగించిన మనిషికి మన్నింపు దొరికిన సంగతి కూడా అందరికీ తెలుసు. మొదటిదానిలో పట్టించుకోవాల్సిన మాట 'వదలక'. ఆస్ట్రేలియా పొదల్లో డ్రాగన్ తన మంచు బొట్టు తాను వెతుక్కుంటుంది. గాజు పెట్టెలో వెతుక్కోలేదు. ఎండాకాలంలో మేడ మీద పిచ్చుకలకు నీళ్ల మట్టి మూకుడు పెట్టే ఇళ్లలోనే, హాల్లో ఉన్న జంతువు ఎండిపోతున్నా కనపడకపోవడం విడ్డూరం.

రంజాన్‌లో ఒక జాగ్రత్త. ఇంట్లో అందరూ రోజాలో ఉంటారు, మధ్యాహ్నం వంటింట్లో అలికిడి ఉండదు, దాని ప్లేటు కూడా ఖాళీగా ఉండిపోతుంది. దానికి రోజా లేదు. సెహ్రీ తర్వాత పడుకునే ముందే ఆకులు కడిగి తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పొద్దున లేవగానే కాస్త చల్లదనం పోయాక పెట్టొచ్చు. సెహ్రీకి హాల్లో లైట్లు వేస్తారు కాబట్టి రాత్రి పెట్టె మీద దుప్పటి కప్పండి, గాలి ఆడేలా.

ఇక అసలు గండం పెళ్లిళ్లు, సెలవులు. నాలుగు రోజులు ఊరెళ్తూ పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి, ఒక కట్ట కొత్తిమీర వేసి తాళం వేసేస్తారు. మొదటి రోజే గిన్నెలో విసర్జిస్తుంది, రెండో రోజుకు ఆకు ఎండిపోతుంది, కరెంటు పోయి వస్తే టైమర్ తప్పుతుంది. పక్కింటి పిల్లాడికో ఖాలా కొడుకుకో తాళం ఇచ్చి వెళ్లాలి. వాడికి నోటి మాటగా చెప్తే సరిపోదు, కాగితం మీద రాసి పెట్టె అద్దానికి అంటించాలి: పొద్దున గిన్నె కడిగి నీళ్లు మార్చు. ఆకులు తడితో పెట్టు. మూతి మీద పది బొట్లు వేసి చూడు. చల్లటి వైపు థర్మామీటర్ 30 దాటితే వేడి బల్బు ఆపు. సబ్బుతో చేతులు కడుక్కో. దాని తెల్లటి ముద్దను ఫోన్‌లో ఫొటో తీసి పంపు, పసుపుగా ఉంటే వెంటనే ఫోన్ చెయ్. కింద డాక్టర్ నంబరు.